నల్లమల నడకదారి: ఎంతమంది నడిచారు, ఊళ్లకు ఎంత మిగిలింది? లెక్క కట్టే పద్ధతి ఇదీ

శివరాత్రికి, ఉగాదికి ముందు రోజుల్లో కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు రోడ్ల మీద నడిచి వెళ్లేవాళ్ల బారులు కనిపిస్తాయి. ఎక్కువమంది కర్ణాటక వాళ్లు. విజయపుర, బాగల్‌కోట్, బెళగావి, రాయచూరు వైపు నుంచి వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం చేరుకుంటారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లుడిగా భావించే ఆచారం వాళ్లది. కొందరు కర్రకాళ్ల మీద కూడా నడుస్తారు.

ఈ దారి పొడవునా టీ బంకులు, ఉగ్గాని బండ్లు, కల్లంగడి కుప్పలు, చెరకు రసం మిషన్లు, పంక్చర్ షాపులు, ఆటోలు ఉంటాయి. వాటిలో ముస్లిం కుటుంబాలవీ చాలానే ఉన్నాయి. ప్రతి ఏడాదీ "లక్షల మంది వచ్చారు", "కోట్ల వ్యాపారం జరిగింది" అనే మాటలు వినిపిస్తాయి. ఆ లక్షలు ఎవరు లెక్కపెట్టారు? ఆ కోట్లలో దారి పక్క ఊళ్లకు ఎంత మిగిలింది? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికి దొరికినట్టు కాదు. తాగునీటి పాయింట్లు ఎన్ని పెట్టాలి, బండ్లకు జాగా ఎవరికి ఇవ్వాలి, అడవిలోకి ఎంతమందిని వదలాలి అనే నిర్ణయాలన్నీ ఈ అంకెల మీదే ఆధారపడతాయి. అందుకే పొడవైన నడకదారుల మీద మనుషులనూ, డబ్బునూ లెక్కకట్టే పద్ధతి తెలిసి ఉండటం మంచిది.

దారి ఎక్కడి నుంచి ఎక్కడికి

ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవి దారి మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరి, అక్కడి నుంచి శ్రీశైలం వెళ్తారు. అడవిలో నడక 40 కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. వాహనాలు పోయే రోడ్డు వేరు. అది ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. నడకదారి కొండలెక్కి దిగుతూ పోతుంది కానీ, దూరం సగానికి సగం తగ్గుతుంది.

ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. అందువల్ల ఏడాది పొడవునా ఎవరు పడితే వాళ్లు నడిచే దారి కాదు ఇది. ఉత్సవాల రోజుల్లోనే అటవీశాఖ నడకకు దారి వదులుతుంది.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక నందికొట్కూరు, ఆత్మకూరు, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. మంత్రాలయం, ఎమ్మిగనూరు, కర్నూలు పాత జిల్లాలోనే ఉన్నాయి. కాబట్టి 2022కు ముందు "కర్నూలు జిల్లా" పేరుతో ఉన్న అంకెనూ, ఆ తర్వాతి అంకెనూ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అంటే తప్పవుతుంది. లెక్క మొదలుపెట్టే ముందే "ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా" అని హద్దు గీసుకోవాలి.

పాత లెక్క: నవాబుల నాటి హాసిలు

ఈ దారిలో మనుషులను లెక్కపెట్టడం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లాడు. అప్పటికి ఈ సీమ కర్నూలు నవాబుల చేతిలో ఉంది. 1839లో ఇంగ్లీషు వాళ్లు నవాబును దించేదాకా అలాగే సాగింది. శ్రీశైలం వెళ్లే యాత్రికుల దగ్గర నవాబు సర్కారు హాసిలు వసూలు చేసేదన్న సంగతి వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'లో కనిపిస్తుంది.

పన్ను కట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ మనిషికి ఇంత అని వసూలు చేసే చోట ఒక లెక్క పుస్తకం ఉండి తీరుతుంది. ఎంతమంది వచ్చారో, ఎంత జమ అయిందో రెండూ ఒకేచోట తెలుస్తాయి. ఈనాడు నడిచేవాళ్ల దగ్గర అలాంటి రుసుము లేదు, అది మంచిదే. అయితే రుసుముతో పాటు ఆ లెక్క పుస్తకం కూడా పోయింది. దాని జాగాలో వేరే పద్ధతి పెట్టుకోవాలి.

మనిషి వేరు, రాక వేరు, రోజు వేరు

లెక్కలో మొదటి గందరగోళం ఇక్కడే వస్తుంది. మూడు రకాల అంకెలు ఉంటాయి.

మొదటిది మనుషుల సంఖ్య. ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలి. రెండోది రాకల సంఖ్య. ఒకే మనిషి శివరాత్రికీ, ఉగాదికీ వస్తే రెండు రాకలు. మూడోది మనిషి-రోజులు. ఒక మనిషి మన ప్రాంతంలో ఐదు రోజులు ఉంటే ఐదు మనిషి-రోజులు. నీళ్లు, భోజనం, మరుగుదొడ్ల ఏర్పాటుకు మూడో అంకె కావాలి. గుడి దగ్గర క్యూ ఏర్పాటుకు రెండోది సరిపోతుంది. ఈ మూడింటినీ కలిపేస్తే ఏ పనికీ పనికిరాని అంకె వస్తుంది.

ఒక ఉదాహరణ. కర్నూలులో ఒకరు, నందికొట్కూరులో ఒకరు, ఆత్మకూరులో ఒకరు నిలబడి లెక్కపెట్టి, ఆ మూడు అంకెలనూ కూడితే అదే మనిషి మూడుసార్లు లెక్కలోకి వస్తాడు. 20 వేల మంది 60 వేలు అయిపోతారు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే అంకె మూడింతలు అవుతుంది.

ఇదే అడవిలో పులులను లెక్కపెట్టేటప్పుడు ఈ జాగ్రత్త తీసుకుంటారు. దేశమంతటా నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో కెమెరాలు పెడతారు. ఒకే పులి పది ఫొటోల్లో పడినా, దాని ఒంటి మీది చారలను బట్టి ఒక్కటిగానే లెక్కిస్తారు. మనుషుల విషయంలో చారల బదులు లెక్కపెట్టే చోటును సరిగ్గా ఎంచుకోవాలి.

నల్లమల దారికి ఒక అనుకూలత ఉంది. చాలామంది పోయేటప్పుడే నడుస్తారు, తిరుగు ప్రయాణం బస్సులోనో, జీపులోనో. అంటే దారిలో కదలిక ఎక్కువగా ఒకవైపే. వెళ్లి మళ్లీ అదే దారిన వచ్చే ట్రెక్కింగ్ దారుల్లో అంకెను సగం చేయాల్సి వస్తుంది. ఇక్కడ వెంకటాపురం దగ్గరో, కైలాసద్వారం దగ్గరో ఒక్కచోట లెక్కపెడితే మనుషుల సంఖ్యకు దగ్గరగా వస్తుంది. రెండు చోట్లా లెక్కపెట్టినా కూడకూడదు. ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. వెంకటాపురం దగ్గర వచ్చిన అంకె కంటే కైలాసద్వారం దగ్గర బాగా తక్కువ వస్తే, మధ్యలో ఎవరైనా ఆగిపోయారా, లెక్కే తప్పిందా అని వెతకాలి.

అన్ని గంటలూ నిలబడక్కర్లేదు

పది రోజులు దారి తెరిచి ఉంటే 240 గంటలు. అన్ని గంటలూ మనిషిని నిలబెట్టడం కష్టం. అందుకే కొన్ని గంటలు ఎంచుకుంటారు. ఎంపిక ఎలా జరిగింది అన్నదాని మీదే అంకె మంచిచెడులు ఆధారపడతాయి. ఎండ ముదిరే కాలం కాబట్టి జనం తెల్లవారుజామున, చల్లపొద్దున ఎక్కువ నడుస్తారు. మిట్టమధ్యాహ్నం చెట్ల కింద ఆగుతారు. చాలామంది రాత్రీ నడుస్తారు.

కింది అంకెలు పద్ధతి అర్థం కావడానికి ఊహించుకున్నవే, ఏ సంవత్సరానివీ కావు. రోజులో రద్దీ ఉండే గంటలు 8, ఎండ గంటలు 6, రాత్రి గంటలు 10 అనుకుందాం. పది రోజులకు 80, 60, 100 గంటలు. ప్రతి రకంలోనూ కొన్ని గంటలు నిలబడి లెక్కపెడితే గంటకు సగటున రద్దీలో 300 మంది, ఎండలో 80 మంది, రాత్రి 150 మంది తేలారనుకుందాం.

రద్దీ గంటలు: 80 × 300 = 24,000
ఎండ గంటలు: 60 × 80 = 4,800
రాత్రి గంటలు: 100 × 150 = 15,000
మొత్తం: 43,800

పొద్దున పూట మాత్రమే చూసినవాళ్లు గంటకు 300 చొప్పున 240 గంటలకు కడితే 72,000 వస్తుంది. తేడా 28,200. ఎక్కువ జనం ఉన్నప్పుడు తీసిన ఫొటోను చూసి వేసే అంచనాలు ఇలాగే ఉబ్బుతాయి.

ఇప్పుడు చాలా దేశాల్లో దారి పక్కన ఇన్‌ఫ్రారెడ్ కౌంటర్లు పెడుతున్నారు. మనిషి అడ్డంగా వెళ్లినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకటిగానే పడుతుంది. ఎద్దు నడిచినా ఒకటి పడుతుంది. కాబట్టి మిషన్ పెట్టినా కొన్ని గంటలు మనిషి కూర్చుని సరిచూడాలి. మనిషి లెక్కకు 120, మిషన్ లెక్కకు 100 వస్తే మిషన్ అంకెను 1.2తో గుణించుకోవాలి. ఫోన్ టవర్ల లెక్క పట్టణాల్లో కొంత ఉపయోగపడవచ్చు గానీ, సిగ్నల్ సరిగ్గా అందని లోతట్టు అడవిలో నమ్మదగ్గది కాదు.

సరిచూసుకోవడానికి వేరే ఆధారాలూ ఉన్నాయి. ఆర్టీసీ తిరుగు ప్రయాణం టికెట్లు, కర్ణాటక నుంచి వచ్చే ప్రత్యేక బస్సుల ట్రిప్పులు, అటవీ చెక్‌పోస్టుల్లో వాహనాల రికార్డు, వైద్య శిబిరాల రిజిస్టర్లు. వీటిలో ఏ ఒక్కటీ పూర్తి లెక్క ఇవ్వదు. కానీ అన్నీ ఒకేవైపు చూపిస్తే అంకె మీద నమ్మకం పెరుగుతుంది.

బయటి దేశాల అనుభవం

స్పెయిన్‌లో శాంతియాగో అనే ఊరికి క్రైస్తవ యాత్రికులు నడిచే పాత దారి ఉంది. పేరు కమినో. నడిచేవాళ్లు ఒక చిన్న పుస్తకం వెంట పెట్టుకుని, దారిలోని సత్రాల్లో, చర్చీల్లో, హోటళ్లలో ముద్రలు వేయించుకుంటారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచినట్టు ముద్రలు చూపిస్తే యాత్రికుల కార్యాలయం సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్లే లెక్క. 1986లో వాటి సంఖ్య 2,500 లోపే. 2024లో దాదాపు 5 లక్షలు. ఎవరు ఏ దేశం నుంచి వచ్చారు, ఎక్కడ నడక మొదలుపెట్టారు అనేవి కూడా దానివల్లే తెలుస్తాయి. అయితే సర్టిఫికెట్ తీసుకోనివాళ్లు, సగంలో తిరిగిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

అమెరికాలోని అపలాచియన్ దారి 1937లో పూర్తయింది. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. ఏటా 30 లక్షలకు పైగా రాకలు ఉంటాయని అంచనా. మొత్తం దారి ఒకే ఏడాదిలో నడిచి ముగించేవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది. మిగతావాళ్లంతా ఒక పూటో, ఒకటి రెండు రోజులో నడిచి ఇంటికి పోయేవాళ్లు. పేరు పొడవైన దారిది, వాడకం ఎక్కువగా చుట్టుపక్కల వాళ్లది.

మన దారిలోనూ రెండు రకాల వాళ్లు ఉన్నారు. ఇంటి దగ్గర నుంచే నడిచి వచ్చేవాళ్లు కొందరు. ఆత్మకూరు దాకా వాహనంలో వచ్చి అడవి దారి మాత్రం నడిచేవాళ్లు మరికొందరు. వీళ్ల అవసరాలూ, ఖర్చులూ ఒకటి కావు. విడివిడిగా లెక్కించాలి.

కడప వైపు: అన్నమయ్య దారి, తిరుమల మెట్లు

పాత కడప జిల్లా వాళ్లకు శేషాచలం అడవిలో ఇంకో దారి తెలుసు. రైల్వేకోడూరు దగ్గరి కుక్కలదొడ్డి నుంచి తిరుమలకు పోయే అన్నమయ్య మార్గం. తాళ్లపాక అన్నమయ్య ఈ దారినే కొండకు వెళ్లాడని చెప్పుకుంటారు. రాజంపేట, కోడూరు వైపు జనం గుంపులుగా ఈ దారిలో పాదయాత్ర చేస్తుంటారు. ఇక్కడా నల్లమల సమస్యే. మధ్యలో ఊళ్లు లేవు, దారి అడవిలో ఉంది.

తిరుమలకు ఉన్న మిగతా రెండు నడకదారుల్లో పరిస్థితి వేరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. నడిచి వచ్చేవాళ్లకు దర్శనం టోకెన్లు ఇచ్చే ఏర్పాటు వచ్చాక ఏ రోజు ఎంతమంది టోకెన్ తీసుకున్నారో అంకె దొరికింది. నడిచినవాళ్లకు దానివల్ల మేలు ఉంది కాబట్టి వాళ్లే వచ్చి తీసుకుంటారు. లెక్కపెట్టించుకునేవాళ్లకు ఏదో ఒక ఉపయోగం ఉంటే లెక్క దానంతట అదే జరుగుతుంది. నీళ్ల సీసా నింపుకునే కార్డో, తిరుగు బస్సు సీటు స్లిప్పో ఇచ్చినా నల్లమలలోనూ ఇది సాధ్యమే.

గంటలవారీ లెక్క ఎందుకు అవసరమో కూడా తిరుమల దారే చూపించింది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం 2 గంటలు దాటితే 15 ఏళ్ల లోపు పిల్లలను ఆ దారుల్లో వదలకుండా ఆంక్ష పెట్టారు. ఏ వేళలో ఎంతమంది, ఏ వయసు వాళ్లు నడుస్తున్నారో తెలిస్తేనే ఇలాంటి కట్టుబాట్లను సరిగ్గా పెట్టగలరు, అవసరం లేనప్పుడు సడలించగలరు.

ఖర్చు లెక్క

ఇక డబ్బు. సూత్రం సులువైనదే: మనిషి-రోజులను రోజు ఖర్చుతో గుణించడం. కష్టమంతా రోజు ఖర్చు తెలుసుకోవడంలోనే ఉంది. దారి ముగిసే చోట, బస్టాండులో, ప్రతి పదో మనిషినో, ఇరవయ్యో మనిషినో ఆపి అడగాలి. కనిపించిన వాళ్లనో, బాగా మాట్లాడే వాళ్లనో అడిగితే సరిపోదు. కన్నడం తెలిసిన మనిషి ఉండాలి. "నిన్న తినడానికి ఎంత, మందులకు ఎంత, ప్రయాణానికి ఎంత, ఏ ఊళ్లో" అని విడివిడిగా అడగాలి. "మొత్తం ఎంతైంది" అని అడిగితే జవాబు సరిగ్గా రాదు.

పై ఉదాహరణలోని 43,800 మందినే తీసుకుందాం. వాళ్లలో నూటికి 40 మంది దూరం నుంచి నడిచినవాళ్లు, మన ప్రాంతంలో 5 రోజులు ఉండి రోజుకు 100 రూపాయలు ఖర్చుపెట్టారనుకుందాం. మిగతా 60 మంది అడవి దారి మాత్రం నడిచినవాళ్లు, 2 రోజులు ఉండి రోజుకు 250 ఖర్చుపెట్టారనుకుందాం.

దూరం వాళ్లు: 17,520 × 5 × 100 = 87,60,000
అడవి దారి వాళ్లు: 26,280 × 2 × 250 = 1,31,40,000
మొత్తం: 2 కోట్ల 19 లక్షలు

ఐదు రోజులు నడిచినవాళ్ల రోజు ఖర్చు ఎందుకు తక్కువ అనుకున్నామంటే, దారి పొడవునా దాతలు అన్నదానం చేస్తారు. మజ్జిగ, నీళ్లు, పండ్లు ఉచితంగా ఇస్తారు. జేబులోంచి డబ్బు తీసే అవసరం తక్కువ. కాబట్టి మామూలు పర్యాటకుల రోజు ఖర్చును తెచ్చి ఇక్కడ గుణిస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది.

అలాగని అన్నదానం ఊరికి నష్టం అనుకోనక్కర్లేదు. డబ్బు వేరే దారిలో వస్తుంది. శిబిరం పెట్టినవాళ్లు బియ్యం, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు, వాటర్ క్యాన్లు నందికొట్కూరులోనో, ఆత్మకూరులోనో కొంటే, షామియానా, వంటపాత్రలు ఇక్కడి టెంట్ హౌస్‌లో అద్దెకు తీసుకుంటే, ఆ డబ్బంతా ఇక్కడే దిగుతుంది. లారీల్లో సరుకంతా ఊరి నుంచే తెచ్చుకుంటే అంత దిగదు. కాబట్టి నడిచేవాళ్లతో పాటు శిబిరాల వాళ్లను, వెంట వచ్చే వాహనాల వాళ్లను కూడా విడిగా అడగాలి. వాహనాల వాళ్లు అడవి దారిలో నడవరు గనక కాలినడక లెక్కలో పడరు.

ఖర్చయినది అంతా ఊళ్లో మిగలదు

20 రూపాయల నీళ్ల సీసా అమ్ముడైందనుకుందాం. దుకాణదారు దాన్ని 13కు కొని ఉంటే ఊళ్లో మిగిలింది 7 రూపాయలే. మిగతా 13 సీసా తయారైన ఊరికి పోయింది. అదే 20 రూపాయలకు రెండు కప్పుల టీ అమ్మితే, పాలు పక్క ఊరి గేదెవి, కాచింది ఇంటి మనిషి, పోయేది టీ పొడి, చక్కెర, గ్యాస్ డబ్బు. నాలుగు ఎకరాల రైతు పండించిన కల్లంగడి అమ్మితే ఇంకా ఎక్కువ మిగులుతుంది. అంటే అమ్మకం ఒకటే అయినా ఊరికి దక్కేది ఒకటి కాదు.

మిగిలిన డబ్బు మళ్లీ తిరుగుతుంది. టీ బంకు వాళ్లు పాల మనిషికి ఇస్తారు, పాల మనిషి కిరాణా కొట్టులో ఇస్తాడు. ఈ తిరుగుడును లెక్కకట్టడానికి ఆర్థికవేత్తలు గుణకం వాడతారు. అమెరికా జాతీయ ఉద్యానవనాల సందర్శకుల ఖర్చును ఏటా ఇలాగే లెక్కకడతారు. కానీ చిన్న ఊరికి గుణకం చిన్నదిగానే ఉంటుంది. సరుకులో ఎక్కువ భాగం బయటి నుంచే వస్తుంది గనక డబ్బు త్వరగా బయటికి పోతుంది. దేశం మొత్తానికి కట్టిన గుణకాన్ని ఆత్మకూరుకు వాడకూడదు.

ఇంకా తీసేయాల్సినవి ఉన్నాయి. నందికొట్కూరు మనిషి ఆత్మకూరులో భోజనం చేస్తే అది కొత్త డబ్బు కాదు, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది. రద్దీ వల్ల రోజువారీ గిరాకీ తగ్గిన దుకాణాల నష్టమూ లెక్కలోకి రావాలి. నీళ్ల ట్యాంకర్లు, పారిశుధ్యం, పోలీసు బందోబస్తు, అడవిలో ప్లాస్టిక్ ఏరడం, ఇవన్నీ ఖర్చుల వైపు రాయాలి.

రంజాన్, ఉగాది కలిసి వస్తే

వ్యాపారుల కుటుంబాలకు బాగా తెలిసిన చిక్కు ఒకటుంది. 2025లో ఉగాది మార్చి 30న, ఈద్-ఉల్-ఫిత్ర్ మార్చి 31న వచ్చాయి. ఆ నెలంతా పట్టణాల్లో రంజాన్ గిరాకీ, దారి మీద పాదయాత్ర గిరాకీ కలిసిపోయాయి. పండ్ల బండి వసూళ్లు పెరిగితే అది ఇఫ్తార్ కోసం కొన్నవాళ్ల వల్లనా, నడిచేవాళ్ల వల్లనా? గల్లాపెట్టె చూస్తే తెలియదు.

దీన్ని విడదీసే దారి ఉంది. హిజ్రీ సంవత్సరం చిన్నది గనక రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఉగాది మాత్రం మార్చి, ఏప్రిల్ మధ్యలోనే ఉంటుంది. కొన్నేళ్లకు రెండూ విడిపోతాయి. రెండూ కలిసిన ఏడాది వసూళ్లనూ, విడిపోయిన ఏడాది వసూళ్లనూ పోల్చాలి. అప్పటిదాకా ఆగలేకపోతే, నడకదారి మీద లేని ఊళ్లో అదే సరుకు అమ్మే దుకాణంతో పోల్చాలి. అక్కడ కూడా అంతే పెరిగితే అది రంజాన్ గిరాకీ. ఇక్కడ మాత్రమే ఎక్కువ పెరిగితే ఆ ఎక్కువ నడకదారిది.

కడప పెద్ద దర్గా ఉరుసుకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది, కడపవాళ్లు ఎంతమంది, ఎన్ని రాత్రులు ఉన్నారు, ఎక్కడ కొన్నారు. ఉగాది నాడు దేవుని కడప గుడికి వెళ్లి వచ్చే ముస్లిం కుటుంబాలది కూడా ఒక రాకే. కానీ ఒక పూట వచ్చి పోయే రాక. దాన్ని పది రోజుల నడకతో కలపకూడదు.

ఎవరికి దక్కింది

మొత్తం అంకె ఎంత పెద్దదైనా, పంపకం చెప్పకపోతే లెక్క సగమే. ఈ దారిలో పెద్దచెరువు లాంటి చోట్ల చెంచు గూడేలు ఉన్నాయి. అడవి వాళ్లది, దారి వాళ్ల ఇళ్ల ముందు నుంచే పోతుంది. వాళ్లకు కూలి ఎంత దక్కింది, వాళ్లు అమ్ముకున్నది ఎంత, వాళ్ల నీటి చెలమలు ఎంత పాడయ్యాయి అనేది విడిగా రాయాలి. పెద్ద మొత్తంలో కలిపేస్తే అది కనిపించకుండా పోతుంది.

దారి చివర శ్రీశైలంలోని దుకాణాల విషయం కోర్టు దాకా వెళ్లింది. ఆలయాలకు చెందిన దుకాణాల లీజుల్లో హిందువులు కానివారు పాల్గొనకూడదంటూ రాష్ట్ర ప్రభుత్వం 2015లో జీవో 426 ఇచ్చింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్లను హైకోర్టు 2019లో కొట్టేసింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపైనా, జీవోపైనా స్టే ఇచ్చి, మతం కారణంగా దుకాణాల వేలం నుంచి ఎవరినీ పక్కన పెట్టవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఏళ్ల తరబడి అక్కడ బేరం చేసుకున్న ముస్లిం కుటుంబాలకు ఇది బతుకు సమస్య. ఎంతమంది ఎన్నేళ్లుగా ఏం వ్యాపారం చేస్తున్నారు, ఇంటికి ఎంత మిగులుతోంది అనే లెక్క ఉన్నప్పుడే ఇలాంటి చోట చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

పట్టణాల్లో బండి వ్యాపారులకు 2014 నాటి వీధి విక్రేతల చట్టం ఉంది. కనీసం ఐదేళ్లకోసారి వాళ్ల సర్వే జరగాలని ఆ చట్టం చెబుతుంది. సర్వేలో పేరున్నవాళ్లకే సర్టిఫికెట్, జాగా. పండగ రోజుల్లోనే బండి పెట్టేవాళ్లు సర్వే వేళకు కనిపించకపోతే పేరు తప్పిపోవచ్చు. మున్సిపాలిటీలో సర్వే ఎప్పుడు జరుగుతుందో అడిగి తెలుసుకోవాలి.

చిన్న దుకాణం రాసుకోవాల్సినవి

పెద్ద సర్వేలు జరిగినా జరగకపోయినా, దారి పక్క దుకాణం తన లెక్క తాను రాసుకోవచ్చు. ఒక నోటు పుస్తకం చాలు.

- పాదయాత్రకు ముందు రెండు వారాలు, జరిగే రోజులు, తర్వాత రెండు వారాలు, రోజువారీ అమ్మకం. ముందూ వెనకా రాయకపోతే ఎంత పెరిగిందో తేలదు.
- ఏ సరుకు ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు. అమ్మకం వేరు, మిగులు వేరు.
- సరుకు ఎక్కడ కొన్నారు. ఆత్మకూరా, కర్నూలా, ఇంకా దూరమా.
- ఇంటి మనుషులు ఎన్ని గంటలు కూర్చున్నారు. ఆ కూలి కూడా ఖర్చే.
- ఫోన్‌పేలో వచ్చింది ఎంత, నగదు ఎంత. ఫోన్‌పే అంకె ఒక్కటే చూస్తే నగదు గిరాకీ తప్పిపోతుంది.
- రంజాన్, జాతర, సంత, వాన లాంటివి ఏవైనా ఉంటే తేదీ పక్కన ఒక్క మాట.

ఇలా ఒక బజారులో పది దుకాణాలు మూడేళ్లు రాస్తే, ఏ సంస్థ సర్వేకైనా అది గట్టి ఆధారమవుతుంది. నీళ్ల పాయింటు ఎక్కడ కావాలో, బండ్లకు జాగా ఎందుకు కావాలో అర్జీ పెట్టేటప్పుడు "చాలామంది వస్తారు సార్" అనే మాట కంటే ఆ పుస్తకం ఎక్కువ పని చేస్తుంది.

మంచి లెక్క అంటే పెద్ద అంకె కాదు. ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు, ఏ గంటల్లో, ఒకే మనిషిని రెండుసార్లు ఎలా తప్పించారు, ఖర్చులో ఊరికి ఎంత మిగిలింది, అది ఎవరి చేతికి వెళ్లింది. ఈ ఐదింటికీ జవాబు లేని "లక్షలు, కోట్లు" ఎవరు చెప్పినా, ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే.